జింకకు పెట్టిన నెమరు

మిట్టేమరిలో ఆవు నెమరు మానేస్తే ఎవరూ ముందు డాక్టరుకు ఫోన్ చేయరు. రామలక్ష్మమ్మ ఇంటి ముందు వచ్చి నిలబడతారు. ఆమె చెయ్యి కడుక్కొని తన సీమావు పక్కన చతికిలబడుతుంది. ఆవు తీరిగ్గా పడుకొని నెమరు వేస్తుంటే దాని గంగడోలు నిమురుతూ కబుర్లు చెబుతుంది. గొంతులోంచి ముద్ద పైకి వచ్చిన క్షణం చూసి, చటుక్కున దవడ సందున చెయ్యి పెట్టి దాన్ని లాగేస్తుంది. ఆవు కాసేపు ఉత్త దవడే ఆడించి, ఏదో పోయిందని తెలుసుకొని, ఆమె వంక అదోలా చూస్తుంది. ఆ వెచ్చని పచ్చటి ముద్దను గోరువెచ్చని నీళ్ళలో పిసికి జబ్బు ఆవుకు పట్టిస్తే, మరునాటికి అది నెమరు వేస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే కథ. పదోసారి సంగతి ఊళ్ళో ఎవరూ ఎత్తరు, ఆమె అసలే ఎత్తదు.

ఈ పని ఆమెకు మండికల్లులోని పుట్టింట్లో అబ్బింది. అక్కడ ఇంటింటా పాడి. సంతలో కొత్త ఆవును కొని తెస్తే ఆమె తల్లి మొదటి రోజు కుడితిలో ఇంటి ఆవు నెమరు కలిపి పట్టించేది. ఉత్త చొప్ప మీద బతికిన పశువుకు ఒక్కసారిగా రాగిపిండీ ఫీడూ పెడితే కడుపు పులిసి చస్తుంది. నెమరు కలిపి పెడితే రెండో రోజుకల్లా ఇంటి మేతకు అలవాటు పడుతుంది. రామలక్ష్మమ్మ కాపురానికి వచ్చి నలభై ఏళ్ళు. ఈ నలభై ఏళ్ళలో ఆమె దొడ్లోకి వచ్చిన కొత్త పశువు ఒక్కటి కూడా మేత మార్పుకు చావలేదు. తరువాత జరిగిందంతా ఈ ఒక్క నమ్మకం మీద జరిగింది కాబట్టి ముందే చెప్పాల్సి వచ్చింది.

రెండేళ్ళ కిందట చింతామణి టౌను అమ్మాయి వినుత ఊళ్ళోకి వచ్చింది. బెంగళూరులో పశువుల డాక్టరు చదివి, ఇంకా పై చదువు చదువుతోంది. ఊరి వెనక గుట్ట మీద పదకొండు జింకలున్నాయి. నల్లటి వీపు, మెలికల కొమ్ముల మగది ఒకటి, మిగతావి ఆడవీ పిల్లలూ. వాటి పెంటికలు ఆమెకు కావాలట. రోజూ తెల్లవారగానే గుట్టెక్కి, ఆరకముందే ఏరి, మందు పోసిన చిన్న సీసాల్లో వేసి మూత బిగించే మనిషి కావాలట. ఊరంతా నవ్వింది. రామలక్ష్మమ్మ కూడా నవ్వింది, నవ్వి ఒప్పుకుంది. భర్త పోయాక ఆమెకు తెల్లవారుజాములు మరీ పొడుగైపోయాయి.

"వీటిలో ఏముంటాదని ఇంత బంగారం చేస్తాండావు వినుతమ్మా?" అని అడిగింది ఒకరోజు.

"కడుపులో కంటికి కనపడని జీవాలు కోట్లుంటాయమ్మా. గడ్డి అరిగించేది జింక కాదు, అవి. వాళ్ళమ్మ నుంచి కొన్ని, తినే మేత నుంచి కొన్ని, తిరిగే నేల నుంచి కొన్ని వస్తాయి. ఈ గుట్ట జింక కడుపులో ఉండేవి ఇంకో చోటి జింకలో ఉండవు. దేన్నుంచి ఎంత వస్తాదనేదే నా చదువు."

"ఈ మాత్రం దానికి బెంగళూరు దాకా పోవాల్నా? నెమరంటే అదే గదా!"

వినుతకు అర్థం కాలేదు. రామలక్ష్మమ్మ దొడ్లోకి తీసుకుపోయి సీమావు నోట్లోంచి ముద్ద లాగి చూపించింది. ఆ పిల్ల ఫోన్‌లో వీడియో తీసుకుంది. బెంగళూరులో పెద్ద పెద్ద సార్ల ముందు దాన్ని చూపించిందట. తిరిగొచ్చి, "మేం ల్యాబులో చేసేది మీరు గొడ్ల దొడ్లో చేస్తాండారమ్మా. మీ చేతికి దండం పెట్టాల" అంది. అరవై ఏళ్ళ బతుకులో రామలక్ష్మమ్మను ఎవరూ అంత మాట అనలేదు. నీళ్ళ కొళాయి దగ్గరా పాల డైరీ దగ్గరా కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంది. పొగడ్త మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందంటే ఆ రోజు ఆమె ఒప్పుకొని ఉండేది కాదు.

ఆ తరువాత వానలు ఎగ్గొట్టాయి. ఒక ఏడాది రాగి చేతికి రాలేదు, రెండో ఎండాకాలం వచ్చేసరికి బాగేపల్లి చుట్టుపక్కల గుట్టలన్నీ బోడితలలయ్యాయి. బోర్లు దుమ్ము కక్కాయి. అడవి ఇలాఖెలో, అంటే అటవీ శాఖలో, వాచర్ బయ్యప్ప, ఈ ఊరివాడే, వారానికి ఒకసారి ట్యాంకర్ తెప్పించి గుట్ట కింద సిమెంటు తొట్టి నింపేవాడు. జింకలకు నీళ్ళయితే ఉన్నాయి. మేత లేదు. రామలక్ష్మమ్మకు రోజూ దొరికే పెంటికలు చిన్నవైపోయాయి, తరువాత గట్టి రాళ్ళయ్యాయి, వేళ్ళతో నలిపితే మట్టి రాలేది. ఏప్రిల్‌లో ఒక ముసలి ఆడది బండ నీడన పడి చచ్చిపోయింది. దాని నోట్లో తుమ్మ బెరడు ఇరుక్కొని ఉంది.

పది మిగిలాయి. వాటిలో ఒకటి నెల కూడా నిండని పిల్ల. వాన జూన్‌కు గానీ రాదు. ఇంకో నలభై రోజులు ఇవి నిలబడవని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, వాటి వెన్నుపూసలు దూరం నుంచే లెక్కకొస్తున్నాయి. రెండేళ్ళుగా ప్రతి తెల్లవారీ చూసిన మొహాలు. ఇవి పోతే తను గుట్టెక్కేది ఎందుకు? ఆ ఆలోచన రాగానే ఆమెకు భయం వేసింది, అన్నం సయించలేదు.

వినుతకు ఫోన్ చేసింది. ఆ పిల్ల బెంగళూరులో ఏదో రాసుకుంటూ ఉంది.

"మేత పెట్టొచ్చా వినుతమ్మా?"

"అడవి జంతువుకు పెట్టకూడదమ్మా. మరీ అయితే ఎండుగడ్డి వేయండి. పిండీ ధాన్యం మాత్రం వద్దు. వాటి కడుపు తట్టుకోదు."

"ఎండుగడ్డి యాడ దొరకతాది ఈ కరువులో? నా ఆవులకే లేదు. డైరీలో ఇచ్చిన ఫీడు ఉండాది, రాగిపిండి ఉండాది." కాస్త ఆగి అడిగింది. "నెమరు కలిపి పెడితే?"

అటువైపు నుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి. "ఆ... సారును అడిగి చెప్తానమ్మా."

నాలుగు రోజులు ఎదురుచూసింది. ఫోన్ రాలేదు. నాలుగో రోజు ఇంకొక ఆడ జింక మోకాళ్ళ మీద కూలబడి, లేవడానికి మూడుసార్లు ప్రయత్నించి లేచింది. అది చూశాక రామలక్ష్మమ్మ ఇంకెవర్నీ అడగలేదు. ఇంటికి వచ్చి రాగిపిండి అంబలి కాచింది. ఫీడు నానబెట్టింది. సీమావు నెమరు రెండుసార్లు దొంగిలించి అందులో పిసికి కలిపింది. ప్లాస్టిక్ టబ్బును నెత్తిన పెట్టుకొని గుట్ట కిందికి పోయి తొట్టి పక్కన దింపింది.

బయ్యప్ప చూశాడు. "అక్కా, మా ఆఫీసు సాహేబ్రుకు తెలిస్తే నా ఉద్యోగం ఊడతాది."

"అయితే అటు తిరుక్కో బయ్యప్పా."

బయ్యప్ప అటు తిరిగాడు. వాడికీ ఆ జింకలంటే ప్రాణమే.

రెండు రోజులు జింకలు దగ్గరికి రాలేదు. కుక్కలూ కాకులూ తిన్నాయి. మూడో రోజు పొద్దున్నే ఆమె మామూలుగా గుట్టెక్కి పెంటికలు ఏరింది. మందు సీసాలు అయిపోయాయి కాబట్టి వాటిని టిఫిన్ డబ్బాలో వేసుకుంది. దిగి వచ్చి టబ్బు పెట్టి, బండ చాటున కూర్చుంది. మగది ముందు వచ్చింది. మూతి ముంచింది, తల ఎత్తి చుట్టూ చూసింది, మళ్ళీ ముంచింది. ఇక ఆగలేదు. ఆడ జింకలు ఎగబడ్డాయి. టబ్బు అడుగు నాకుతున్న చప్పుడు బండ చాటుకు వినిపించింది. రామలక్ష్మమ్మకు ఏడుపు వచ్చింది, ఆనందంతో వచ్చిన ఏడుపు. పిల్ల ఒక్కటి మాత్రం మేత జోలికి పోకుండా తల్లి కాళ్ళ సందున దూరి పాలు గుంజుకుంటోంది.

ఇంటికి పరుగెత్తింది. నెమరు కలిపాం కదా, కొత్త ఆవుకైతే రెండో విడత నిండుగానే పెడతాం కదా అనుకుంది. సాయంత్రం పొద్దుండగానే రెండు టబ్బులు నిండుగా తెచ్చి పెట్టింది. అవీ ఖాళీ అయ్యాయి.

మరునాడు తెల్లవారి ఆమె గుట్ట కిందికి వచ్చేసరికి తొట్టి చుట్టూ జింకలు పడి ఉన్నాయి. పొట్టలు ఉబ్బి, కాళ్ళు బిర్రబిగుసుకొని, మూతుల దగ్గర నురగ. దాహానికి నీళ్ళ దగ్గరికి వచ్చి పడిపోయినట్టున్నాయి. మగది మాత్రం అక్కడ లేదు. గుట్ట మీద తన పెంటికల కుప్ప దగ్గర, రోజూ నిలబడే చోటే, కొమ్ము ఒకటి మట్టిలో గుచ్చుకొని పడి ఉంది. మూడింటికి ఇంకా ఊపిరి ఆడుతోంది.

ఆ వయసులో ఆమె ఇంటిదాకా ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. సీమావు ఇంకా నెమరుకు పడుకోలేదు. "పడుకోవే తల్లీ, పడుకో" అని దాని కాళ్ళ మీద పడింది. అది పడుకొని ముద్ద తెచ్చేదాకా ప్రాణం ఉగ్గబట్టుకొని కూర్చుంది. ముద్దను కొంగులో చుట్టుకొని గుట్ట కిందికి వచ్చి, ఒక ఆడ జింక దవడలు విడదీసి లోపలికి తోసింది. అది మింగలేదు. పచ్చటి నీరు పెదవి పక్కనుంచి కారి మట్టిలో ఇంకిపోయింది. ఇంకోదానికి పెట్టింది. దానికీ అంతే. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఊపిరి లేదు. మధ్యాహ్నానికి తొమ్మిదీ చచ్చిపోయాయి. పిల్ల ఒక్కటే చచ్చిన తల్లి పొదుగును తలతో పొడుస్తూ నిలబడి ఉంది.

కబురు తెలిసి వినుత ఎండ తగ్గకముందే బెంగళూరు నుంచి వచ్చిపడింది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని మగదాని పొట్ట కోసింది. వాసన గుప్పుమంది. పది రోజులు మూత పెట్టి మరిచిపోయిన అంబలి వాసన. రామలక్ష్మమ్మకు అది తెలియని వాసన కాదు. లోపలి గోడ తోలు ఊడి వస్తోంది, అడుగున రాగిపిండి బురదలా పేరుకొని ఉంది.

"నెమరు కలిపినా గదా వినుతమ్మా. ప్రతిసారీ కలిపినా."

వినుత తల ఎత్తలేదు. "అది ఆవు నెమరమ్మా. ఆవుకు ఆవుది పడతాది. ఇవి తాతల కాలం నుంచి ఈ గుట్ట గడ్డీ ఈ ఆకూ తిన్నవి. వీటి కడుపులో ఆవువి నిలబడవు, ఒక్క పూట కూడా నిలబడవు. పిండిని పులిపించే జీవాలు ఒక్కసారిగా పెరిగిపోయి కడుపును కాల్చేసినాయి." చేతి తొడుగుల వంక చూసుకుంటూ అంది. "నేను ఫోన్ చేయాల్సింది."

"చేయాల్సింది" అంది రామలక్ష్మమ్మ.

అంతకుమించి ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. అనడానికి ఆమెకు నోరెక్కడిది? పిండి వద్దు అని ఆ పిల్ల చెప్పనే చెప్పింది. విననిది తన చెవి కాదు, తన పొగరు.

బయ్యప్ప జేసీబీ తెప్పించి గుంత తవ్వించాడు. ఆఫీసుకు పంపిన కాగితంలో కరువు వల్ల, మేత లేక, తొమ్మిది కృష్ణజింకలు చచ్చాయని రాశాడు. "నీ పేరు రాయలేదక్కా" అని నెమ్మదిగా చెప్పాడు. తనను కాపాడినందుకు రామలక్ష్మమ్మకు సంతోషం కలగలేదు. ఆమె చేసింది ఎక్కడా లేకుండా పోయింది. తిట్టేవాళ్ళు కూడా లేకపోతే ఆ బరువును ఎక్కడ దించుకోవాలో తెలియక ఆమె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ మరునాడే ఊళ్ళోని మునికృష్ణప్ప తన ఆవును తోలుకొచ్చాడు. "వదినా, నిన్నటి నుంచి నెమరు లేదు."

"డాక్టరుకు ఫోన్ చెయ్యప్పా."

"నువ్వుండంగా డాక్టరెందుకు?"

"నా చెయ్యి మంచిది కాదు, పో" అని తలుపు వేసుకుంది. అతను ఆవును తోలుకొని వెళ్ళిపోయాడు.

పిల్లను మాత్రం ఆమె దొడ్లోనే ఉంచారు. మేకపాలు పట్టిస్తే తాగింది. వినుత దాన్ని తడిమి చూసి చెప్పింది. ఈ వయసులో ఇది గడ్డి కొరకడం నేర్చుకుంటుంది, తల్లి నోరు నాకుతూ, మంద వేసిన పెంటికలు కొరుకుతూ, కడుపులోకి ఆ జీవాలను తెచ్చుకుంటుంది. ఇప్పుడు తల్లీ లేదు, మందా లేదు. ఇంట్లో పెరిగితే ఇంటి గొడ్ల కడుపులోని జీవాలే చేరతాయి, నిలబడినవి నిలబడతాయి, అడవి గడ్డి దీనికి సరిగా అరగదు.

"బెంగళూరులో నీ పెట్టెలో రెండేళ్ళ పెంటికలు ఉండాయి గదా?"

"మందులో వేసినాం గదమ్మా. అన్నీ సచ్చినవే. లెక్క చూసుకునేదానికి పనికొస్తాయి, అంతే."

రామలక్ష్మమ్మ లేచి లోపలికి పోయి టిఫిన్ డబ్బా తెచ్చింది. ఆ మూడో రోజు పొద్దున, టబ్బు పెట్టకముందు ఏరినవి. మందు పడనివి. తడిగుడ్డ చుట్టి నీళ్ళ కుండ పక్కన చల్లగా పెట్టి ఉంచింది. వినుత డబ్బా మూత తీసి చాలాసేపు చూసింది. పిండి తినకముందు ఆ మంద కడుపు ఎలా ఉండేదో చెప్పే ఆఖరి పెంటికలవి. ఆమె చదువుకు అవే ప్రాణం. అందులోంచి నాలుగు తీసి తన సీసాలో వేసుకొని, డబ్బా తిరిగి ఇచ్చేసింది.

"పిల్లకు పెట్టండి."

"నువ్వు పెట్టు వినుతమ్మా. నా చెయ్యి వద్దు."

వినుతకు పిల్ల నోరు తెరవడం రాలేదు. రెండుసార్లు జారిపోయింది. చివరికి రామలక్ష్మమ్మే దాన్ని ఒళ్ళో ఇరికించుకొని, వేలితో దవడ విప్పి, నీళ్ళలో పిసికిన పెంటికల రసాన్ని నాలుక మీద పిండింది.

రోజూ చిటికెడు. పొద్దున్నే గుట్టెక్కి బండల సందున మిగిలిన గడ్డి పరకలు వెతికి, తుమ్మ చిగుళ్ళు కోసి తెచ్చేది. మొదట్లో పిల్లకు విరేచనాలయ్యాయి. అప్పుడు ఆమె తిండి మానేసి దాని పక్కనే కూర్చుంది. తరువాత తగ్గాయి. జూన్ మొదటి వారంలో, దూరాన ఎక్కడో ఉరుములు వినిపిస్తున్న ఒక మధ్యాహ్నం, అది కాళ్ళు మడుచుకొని పడుకొని దవడ ఆడించింది. గొంతు కింద చిన్న ఉబ్బు పైకి పోయింది. మళ్ళీ దిగింది. మళ్ళీ పోయింది. రామలక్ష్మమ్మ గడప మీదే కూలబడి మనసారా ఏడ్చింది.

పది రోజులకు వినుత ఫోన్ చేసింది. పిల్ల పెంటికలను ల్యాబులో చూశారట. "అమ్మా, మందలో ఉండినవి చానా మటుకు దీంట్లో నిలబడినాయి. దాని కడుపులో వాళ్ళమ్మ ఉండాది." ఆ మాట విన్నాక ఆమెకు కొంచెం ఊపిరి ఆడింది. తొమ్మిదింటిని చంపిన చెయ్యే ఒక్కదాన్ని నిలబెట్టింది. అది చాలదని తెలుసు. ఆ ఒక్కటీ గుట్ట మీద నిలబడితే చాలనుకుంది. నాలుగు వానలు పడి గడ్డి లేస్తే తోలుకుపోయి వదలాలని రోజులు లెక్కపెట్టుకుంది.

గడ్డి సరిగా లేవకముందే జీపు వచ్చింది. ముందు సీట్లో ఇలాఖె సాహేబు, వెనక బయ్యప్ప. అడవి జంతువును ఇంట్లో పెట్టుకోవడం నేరమట. ఒంటరి పిల్లను గుట్ట మీద వదిలితే కుక్కలు చంపుతాయట. ఆ మాట అబద్ధమూ కాదు. బెంగళూరు దగ్గర కంచె వేసిన పెద్ద ఆవరణ ఉందట, ఇట్లాంటి జింకలు అక్కడ చాలా ఉన్నాయట. బయ్యప్ప కన్నడంలో ఏదో చెప్పబోయి, సాహేబు చూపుకు ఆగిపోయాడు.

"ఆడ ఏం పెడతారప్పా దీనికి?" అని అడిగింది రామలక్ష్మమ్మ.

బయ్యప్ప "ఫీడు పెడతారక్కా" అన్నాడు. "డైరీ ఫీడు, నానబెట్టిన ఉలవలు. అన్నింటికీ అదే."

ఆమె అరవలేదు, అడ్డం పడలేదు. లోపలికి పోయి గుడ్డ పరిచింది. నాలుగు రోజులకు సరిపడా తుమ్మ చిగుళ్ళు, గుట్ట గడ్డి, డబ్బాలో అడుగున మిగిలిన పెంటికలు పెట్టి మూట కట్టింది. పిల్ల కాళ్ళు కట్టేసి జీపులో పెడుతుంటే, బయ్యప్ప చేతిలో ఆ మూట పెట్టి చేతులు పట్టుకుంది.

"మొదటి దినం ఇదే పెట్టమను బయ్యప్పా. రెండో దినం ఇదే. మూడో దినానికి ఫీడు ఒక్క చిటికెడు, ఇంతే, చూడు ఇంతే. పిడికెడు వద్దు. నిండుగా వద్దని చెప్పు. నేను చెప్పినానని చెప్పు."

"చెప్తానక్కా."

"నేను చంపినానని కూడా చెప్పు. అప్పుడు వింటారు."

సాహేబు హారన్ కొట్టాడు. పిల్ల తల ఎత్తి ఒక్కసారి మాత్రం అరిచింది. జీపు చింతచెట్ల మలుపు తిరిగేదాకా దుమ్ము లేచింది, తరువాత అణిగింది.

మరునాడు తెల్లవారి ఆమె ఎప్పటిలాగే లేచింది. ఎక్కడికి పోవాలో తెలియక బాట పట్టుకొని నడిచింది. చింతచెట్ల మలుపు దగ్గర, కాలువ గట్టు మీద, తన గుడ్డ కనపడింది. మూట విప్పనైనా విప్పలేదు. పెంటికల వాసన జీపులో సాహేబుకు పడి ఉండదు, లేదా మురికిని ఆ ఆవరణలోకి రానివ్వరని ముందే పారేసి ఉంటారు. రాత్రి కురిసిన తుంపరకు గుడ్డ తడిసింది. ముడి విప్పి చూసింది. చిగుళ్ళు వాడిపోయాయి. పెంటికలు నీళ్ళు తాగి మెత్తబడ్డాయి, వేలు పెడితే ఇంకా గుట్ట గడ్డి వాసనే వచ్చింది.

ఆమె ఆ గుడ్డను అలాగే చేతిలో పట్టుకొని గుట్టెక్కింది. మగది నిలబడే చోట పాత పెంటికల కుప్ప పక్కన వాటిని దులిపింది. వానకు బండల చుట్టూ గడ్డి పచ్చగా మొలిచింది. మేసేవాళ్ళు లేక అది పొద్దెక్కేదాకా గాలికి ఊగుతూనే ఉంది.